టర్బో లేని ఇంజనుకు పికప్: నెల్లూరు ఎండలో ఏడాది పాటు కొలిచి చూసినవి

బండి 2018 మోడల్ స్విఫ్ట్ పెట్రోలు. కె12ఎం ఇంజను, 1197 సీసీ, అయిదు గేర్లు. కంపెనీ లెక్క ప్రకారం 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 83 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 4200 దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). 74 వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఒంగోలు రోడ్డులో లారీని దాటాలంటే నాలుగో గేరులో లాగడం మానేసింది, ప్రతిసారీ మూడుకు దించాల్సి వచ్చేది. రోజూ తిరిగే బండి ఇదొక్కటే కాబట్టి మూడు షరతులు పెట్టుకున్నాను. పొల్యూషన్ టెస్టు పాస్ కావాలి. మైలేజీ పడకూడదు. రోహిణి కార్తెలో ఏసీ వేసుకుని నలుగురు కూర్చున్నా ఇంజను నాకింగ్ (పెట్రోలు తనంతట తాను అంటుకుని చేసే టకటక) కొట్టకూడదు. ఒక్కోసారి ఒక్క పని చేసి, చేసినప్పుడల్లా కొలిచాను. ఏది ఎంత ఇచ్చిందో, ఏది ఉన్నది కూడా లాక్కుందో రాస్తున్నాను.

ముందు లెక్క. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని ఇంజను తాను పీల్చుకున్న గాలితోనే బతకాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి తీసుకుంటుంది. అంటే 6000 ఆర్‌పీఎం దగ్గర 1197 సీసీకి నిమిషానికి 3591 లీటర్లు, అదీ సిలిండర్లు పూర్తిగా నిండితే. నిజంగా నిండేది 90 శాతం అటూ ఇటూ. ఆ గాలి బరువును బట్టే పెట్రోలు, పెట్రోలును బట్టే బలం. టార్క్‌ను ఆర్‌పీఎంతో హెచ్చవేసి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 83 పీఎస్ అంటే 61 కిలోవాట్లు, అంటే 6000 దగ్గర టార్క్ 97కు దిగిపోయినట్టే. 4200 దగ్గర 113 ఉన్నది అక్కడికి వచ్చేసరికి 97. పైన ఇంజనుకు ఊపిరి చాలడం లేదు. అక్కడ ఊపిరి పెంచాలంటే వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ మార్చాలి, హెడ్డులో పోర్టులు (గాలి దారులు) చెక్కాలి. అలా చేస్తే 5000 పైన బలం వస్తుంది గాని 2000 దగ్గర తగ్గుతుంది. ట్రంక్ రోడ్డులో బండి తిరిగేది ఆ 2000 దగ్గరే. అందుకే ఇంజను విప్పే పనులన్నీ మొదట్లోనే పక్కన పెట్టాను. ఆ డబ్బు పెట్టేకన్నా పెద్ద ఇంజనున్న బండి కొనుక్కోవడం మేలు.

కొలత సరిగ్గా లేకపోతే మిగతాదంతా భ్రమే. సైలెన్సరు శబ్దం పెరిగితే బండి వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే యంత్రం) మీద చూడొచ్చు, అక్కడ చక్రాల దగ్గరి బలం తెలుస్తుంది, కంపెనీ చెప్పేది క్రాంకు దగ్గరిది కాబట్టి 12 నుంచి 15 శాతం తక్కువ కనిపిస్తుంది. కానీ ప్రతి చిన్న మార్పుకూ చెన్నై పోయి డైనో ఎక్కించలేం. నేను వాడింది మూడో గేరులో 60 నుంచి 100 దాకా పట్టే సమయం. ఈ బండిలో అది దాదాపు 2900 నుంచి 4800 ఆర్‌పీఎం, రోజూ ఓవర్‌టేక్‌కు వాడే భాగం. జాతీయ రహదారి మీద ఖాళీగా ఉండే చదునైన ముక్క చూసుకుని, తెల్లవారి వెలుతురు రాగానే, 100 దాటకుండా, అటు మూడుసార్లు ఇటు మూడుసార్లు. వేగం స్పీడోమీటరు చూసి కాదు, జీపీఎస్ యాప్‌లో. ఫోను పట్టుకోవడానికి పక్కన మరొకరు ఉండాలి, తోలే మనిషి రోడ్డునే చూడాలి. ట్యాంకు సగం, ఏసీ ఆఫ్, టైర్లలో గాలి ఒకే లెక్క. మధ్యాహ్నం పరీక్ష పనికిరాదు, సముద్రపు గాలి లేచాక ప్రతి రన్నూ ఒక్కో రకంగా వస్తుంది. జనవరిలో 22 డిగ్రీల దగ్గర ఆరు రన్నుల సగటు 9.7 సెకన్లు. ఆరింటి మధ్య తేడా 0.15 దాకా ఉంది. అందుకని 0.2 కంటే తక్కువ మార్పును నేను లెక్కలోకి తీసుకోలేదు.

దీనితో పాటు ఇంజను కంప్యూటరు (ఈసీయూ) రీడింగులను ఫోనుకు పంపే ఈఎల్ఎం 327 రకం ఓబీడీ అడాప్టరు, ఫోనులో యాప్. చూడాల్సినవి అయిదే: లోపలికి పోయే గాలి వేడి, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) ప్రెషరు, ఇగ్నిషన్ టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు నిప్పు పడుతోందో), షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో). చవక అడాప్టర్లు ఎక్కువ రీడింగులు ఒకేసారి అడిగితే నెమ్మదిస్తాయి. రెండు మూడు పెట్టుకుని రికార్డు చేయాలి.

ఇంజను జోలికి పోకముందు బండిని ఏది వెనక్కి పట్టి లాగుతోందో చూడాలి. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా తొక్కకుండా తోలి, ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టాను. ముందు కుడి డిస్కు 58 డిగ్రీలు, ముందు ఎడమ 94. క్యాలిపర్ స్లైడ్ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ప్యాడ్ డిస్కును వదలడం లేదు. పిన్నులు తీసి, సన్న ఎమరీతో తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పట్టించి బిగించాం. బేరింగ్ గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి మళ్లీ అదే జబ్బు. అలైన్‌మెంటు, డోరు పక్క స్టిక్కరు మీదున్న ప్రెషరు కూడా సరిచేశాక 9.4. డబ్బులు దాదాపు ఖర్చు కాలేదు, పోయింది ఒక ఆదివారం.

క్లచ్ జారుతోందేమో కూడా ఇప్పుడే చూడాలి. నాలుగో గేరులో 50 దగ్గర పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు వేగంతో పాటు మెల్లగా లేవాలి. ముల్లు ఎగిరి వేగం అక్కడే ఉంటే ఇంజనులో ఎంత బలం పెంచినా ప్లేటు దగ్గరే కాలిపోతుంది. నాది బాగానే ఉంది.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లు గాలిని ఎంత ఒత్తిడికి నలుపుతున్నాయో చూడటం. ఇది చూడకుండా రీమ్యాప్ (ఈసీయూలో సెట్టింగులు మార్చడం) చేయించుకుని, పొగ పెడుతూ తిరిగొచ్చిన బండ్లు చూశాను. ఇంజను వేడి మీద ఉండగా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, కాయిళ్ల కనెక్టర్లు ఊడదీసి, నాలుగు ప్లగ్గులూ తీసేసి, యాక్సిలరేటర్ నేలకు తొక్కి పట్టి ఆరేడు చుట్లు క్రాంక్ చేయాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (ఇంజనులోకి గాలి వదిలే రేకు) కొన్ని బండ్లలో క్రాంకింగులో పూర్తిగా తెరుచుకోదు. అప్పుడు నాలుగు సిలిండర్లూ ఒకేలా తక్కువ చూపిస్తాయి, దాన్ని చూసి రింగులు పోయాయని భయపడకూడదు. నాకు 182, 180, 184, 178 పీఎస్‌ఐ వచ్చాయి. ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా. 10 శాతం దాటితే కారణం వెతకాలి. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలిస్తే రీడింగు బాగా లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు లేదా గాస్కెట్.

ప్లగ్గులు తీసేముందు ఆ గుంటల్లోకి గాలి కొట్టించాలి. మన రోడ్ల ఇసుక అక్కడ చేరి ఉంటుంది, ప్లగ్గు తీయగానే సిలిండర్లో పడుతుంది. నా ప్లగ్గుల గ్యాపు 1.1 ఉండాల్సింది 1.4 మిల్లీమీటర్లకు అరిగింది. గ్యాపు పెరిగితే కాయిలుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, పూర్తి లోడులో మిస్ అవుతుంది, ఐడ్లింగులో ఏమీ తెలియదు. కంపెనీ చెప్పిన హీట్ రేంజిలోనే కొత్తవి వేశాను. ఇరిడియం వేస్తే బలం పెరగదు, ఎక్కువ కాలం గ్యాపు నిలుస్తుంది, అంతే. వేళ్లతో బిగిసేదాకా తిప్పి, వాషరు నలగడానికి పానాతో అర చుట్టు. హెడ్డు అల్యూమినియం, అంతకు మించి బలం చూపిస్తే మర పోతుంది.

మైపాడు వైపు, రొయ్యల గుంటల వైపు ఎక్కువ తిరిగే బండ్లకు మరో చిక్కు ఉప్పుగాలి. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకు పోయే ఎర్త్ తీగ చివర్లు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను బ్లాకు మీద పెట్టి క్రాంక్ చేస్తే 0.2 వోల్టు దాటకూడదు. నాకు 0.45 చూపించింది. కాయిళ్లూ, సెన్సర్లూ అన్నీ ఆ ఎర్త్ మీదే ఆధారపడ్డాయి. చివర్లు గీకి, బోల్టు కింద లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పెట్రోలియం జెల్లీ పూశాం. 0.08కి వచ్చింది.

థ్రాటిల్ బాడీ మసి పట్టి ఉంటే పూర్తిగా తెరిచినప్పుడు పోయే గాలి పెద్దగా తగ్గదు. సగం తొక్కుడులో స్పందన మందగిస్తుంది, ఐడ్లింగ్ వణుకుతుంది. అయినా శుభ్రం చేశాను. కనెక్టరు పెట్టి ఉండగా రేకును వేలితో నెట్టకూడదు, లోపల ప్లాస్టిక్ గేర్లు విరుగుతాయి. స్ప్రేను గుడ్డ మీద కొట్టి తుడవాలి, నేరుగా కొడితే మోటారులోకి దిగుతుంది. తుడిచాక ఒకటి రెండు రోజులు ఐడ్లింగ్ ఎక్కువ ఉంటుంది. ఈసీయూ కొత్త స్థానం నేర్చుకునేదాకా ఓపిక పట్టాలి, లేదా స్కానర్‌తో రీలెర్న్ చేయించాలి.

ఇక ఏర్ ఫిల్టరు. కంపెనీ చెప్పే కిలోమీటర్లు మంచి రోడ్లకు. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల మధ్య వారానికి రెండుసార్లు తిరిగితే ఆ తెల్ల దుమ్ముతో అయిదారు వేలకే ఫిల్టరు మూసుకుంటుంది. మూసుకుందో లేదో కంటితో కాదు, మానిఫోల్డ్ ప్రెషరుతో తెలుస్తుంది. ఇంజను ఆపి తాళం ఆన్ చేస్తే బయటి వాతావరణ పీడనం కనిపిస్తుంది, సముద్రమట్టానికి దగ్గరగా ఉండే నెల్లూరులో దాదాపు 101 కిలోపాస్కల్. అదే మూడో గేరులో పూర్తిగా తొక్కి 4800 దగ్గర చూస్తే నాకు 95. అంటే ఆరు కిలోపాస్కల్ దారిలోనే పోతోంది. కొత్త కాగితం ఫిల్టరు వేశాక 98.5. ఇరవై రూపాయలకు కంప్రెసర్ గాలి కొట్టించి మళ్లీ పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. “ఏందన్నా, గాలి కొడితే కొత్తదే కదా” అంటారు షెడ్డులో. ఆ ప్రెషరుకు కాగితంలో కంటికి కనపడని చీలికలు వస్తాయి. ఆ రాతి పొడి బాగా గరుకు. చీలికలోంచి పోయిందంటే సిలిండరు గోడనూ రింగులనూ నూరుతుంది. కడిగి వాడే నూనె పత్తి ఫిల్టర్లు కూడా ఈ దుమ్ముకు వద్దు. గాలి సులభంగా పోనిస్తాయంటే సన్న దుమ్మును కూడా పోనిస్తాయని, నూనె ఎక్కువైతే సెన్సర్ల మీద పడుతుందని తెలుసుకోవాలి. మూడొందల రూపాయల కాగితం ఫిల్టరు ఆరు వేల కిలోమీటర్లకోసారి మార్చడమే నా పద్ధతి. ప్లగ్గులు, ఎర్త్, థ్రాటిల్, ఫిల్టరు అన్నీ కలిపి 9.1.

ఊహించని లాభం ఇచ్చింది మాత్రం నేను లెక్కలోకే తీసుకోని ఒక ప్లాస్టిక్ గొట్టం. గ్రిల్లు పక్కనుంచి ఏర్ ఫిల్టరు డబ్బాకు చల్లగాలి తెచ్చే గొట్టం అది. ఏదో సర్వీసులో క్లిప్పు విరిగి డబ్బా మూతి నుంచి జారిపోయింది. ఇంజను రేడియేటరు వెనకున్న వేడిగాలి పీలుస్తోంది. బయట 34 ఉన్న రోజు 80లో పోతుంటే లోపలికి పోయే గాలి 52 డిగ్రీలు. గొట్టం సరిగా కూర్చోబెట్టి, అతుకు దగ్గర ఫోమ్ టేపు చుట్టాక అదే రోడ్డులో 39. గాలి సాంద్రత కెల్విన్ లెక్కలో ఉష్ణోగ్రతకు తిరగబడి నడుస్తుంది: 312 బై 325, అంటే 4 శాతం ఎక్కువ గాలి ఊరికే దొరికింది. అంతటితో ఆగదు. గాలి వేడెక్కితే నాకింగ్ భయంతో ఈసీయూ టైమింగ్ వెనక్కి తీస్తుంది. 2500 దగ్గర పూర్తి లోడులో 52 డిగ్రీలప్పుడు 14 ఉన్న టైమింగ్ 39కి వచ్చేసరికి 17కు పెరిగింది. సమయం 8.8.

ఇదే కారణంతో బానెట్ కింద తెరిచి పెట్టే కోన్ ఫిల్టర్లు మన ఎండలో నష్టం. స్నేహితుడి బండిలోది తీసి నాలుగు రోజులు పెట్టి చూశాను. శబ్దం గంభీరంగా ఉంది. నెల్లూరులో మద్రాసు బస్టాండు దగ్గర సిగ్నల్లో నిలబడితే లోపలి గాలి 66 డిగ్రీలు, కదిలి రెండు కిలోమీటర్లు పోయినా 50కి దిగలేదు. హైవే మీద కూడా అసలు డబ్బాకన్నా ఒక పిసరు వెనకే. కంపెనీ డబ్బా ఊరికే పెట్టలేదు, అది వేడిని ఆపే గోడ. మూతిని బంపరు కిందికి దించి చల్లగాలి తెచ్చే కిట్లు వేసవిలో బాగుంటాయి, కార్తీకంలో ఇంజను ప్రాణం తీస్తాయి. మాగుంట లేఔట్ అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచినప్పుడు మూతి మునిగితే సిలిండర్లోకి నీరు పోతుంది, నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు దగ్గర హైవేనే తెగిన ఊరు మనది. మూతి కంపెనీ పెట్టిన ఎత్తులోనే ఉండాలి.

తేమ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒంగోలు, నెల్లూరుల్లో ఇది పెద్ద లెక్కే. 35 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉంటే నీటి ఆవిరి ఒక్కటే దాదాపు 3.9 కిలోపాస్కల్ ఆక్రమిస్తుంది. ఆ మేరకు ఆక్సిజన్ తక్కువ. సాయంత్రం సముద్రపు గాలి తగిలాక బండి మందంగా అనిపించడం ఊహ కాదు. దానికి చేయగలిగింది ఏమీ లేదు, కొలతల్లో గుర్తుపెట్టుకోవడమే.

ఇంజనాయిల్ ఒక్క మాటలో: షెడ్డులో డ్రమ్ములోంచి పోసే 20డబ్ల్యూ 40 చిక్కన. బండి పుస్తకంలో రాసిన పలుచటి గ్రేడు, డిప్‌స్టిక్కు రెండు గుర్తుల మధ్యే. ఎక్కువ పోస్తే క్రాంకు నూనెను చిలుకుతుంది, బలం పోతుంది. ఇది మార్చాక 8.7 వచ్చింది గాని, 0.1 తేడా నా కొలత పొరపాటు లోపలే ఉంది కాబట్టి దీని పేరున రాయను.

పెట్రోలు దగ్గర జనంలో అపోహలు ఎక్కువ. ఆక్టేన్ అంటే శక్తి కాదు, తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం. ఈసీయూ టైమింగ్ వెనక్కి తీస్తున్నప్పుడే ఎక్కువ ఆక్టేన్ పనికొస్తుంది, లేదంటే డబ్బు వృథా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఎథనాల్ కలిపిన ఈ20, దాని ప్రమాణంలో కనీస ఆక్టేన్ 95. పాత 91 పెట్రోలు రోజుల్లో ప్రీమియం పోయిస్తే కనిపించిన తేడా ఇప్పుడు కనపడక పోవడానికి అదే కారణం. 100 ఆక్టేన్ ఒక ట్యాంకు పోయించి చూశాను, చల్లటి తెల్లవారుజామున టైమింగ్ ఒక్క డిగ్రీ కూడా ముందుకు జరగలేదు. ఎథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి లీటరుకు ఆరేడు శాతం తగ్గుతుంది, మైలేజీలో అది కనిపిస్తుంది. కానీ బలం అంత తగ్గదు, ఈసీయూ ఎక్కువ పోసి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటే లాంగ్ టర్మ్ ట్రిమ్‌లో ప్లస్ 5 నుంచి ప్లస్ 8గా కనపడుతుంది, అది జబ్బు కాదు. దాన్ని చూసి ఇంజెక్టర్లు మార్చేయకండి.

జబ్బు ఎలా ఉంటుందంటే, ఐడ్లింగులో ట్రిమ్ ప్లస్ 15 ఉండి, 2500కు రేస్ ఇస్తే 6కు దిగితే ఎక్కడో వాక్యూమ్ లీకు (లెక్కలో లేని గాలి లోపలికి పోవడం) ఉంది. ఐడ్లింగులో బాగుండి లోడు పెరిగే కొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు: పంపు ఫిల్టరు మూసుకుంది, లేదా ఇంజెక్టర్లు. నాకు మొదటిది ఉంది. బ్రేక్ బూస్టరుకు పోయే రబ్బరు గొట్టం మానిఫోల్డ్ దగ్గర పగిలింది. కొంచెం కొంచెంగా కార్బ్ క్లీనరు చల్లుతూ పోతే పగిలిన చోట ఇంజను శబ్దం మారుతుంది. ఎగ్జాస్ట్ వేడిగా ఉన్నప్పుడు ఈ పని చేయకండి, అంటుకుంటుంది.

అసలు పరీక్ష మే నెలాఖరులో. రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు, 43 డిగ్రీలు, నలుగురం, ఏసీ. మూడో గేరులో 1800 దగ్గర పూర్తిగా తొక్కితే గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు శబ్దం. నాక్ సెన్సరు వెంటనే టైమింగ్ 6 డిగ్రీలు వెనక్కి లాగింది, బండి ఊపిరి పోయినట్టయింది. మూడు కారణాలు దొరికాయి. ఒకటి, కంబశ్చన్ చాంబర్‌లో బొగ్గు. పీఈఏ (బొగ్గు వదిలించే రసాయనం) ఉన్న పెట్రోలు క్లీనరు వరుసగా రెండు ట్యాంకుల్లో పోసి, హైవే మీద 4000 పైన తోలాక తగ్గింది. రెండు, ఏసీ కండెన్సరు, రేడియేటరు రేకుల మధ్య వరి ఊక. కోతల కాలంలో రోడ్ల మీద ఆరబెట్టిన ధాన్యం పక్కనుంచి పోతుంటే అదంతా అక్కడే చేరుతుంది. మామూలు పైపు నీళ్లతో, ఇంజను వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ వాషరు పెడితే రేకులు పడుకుంటాయి, గాలి ఇక పోదు. కండెన్సరు మూసుకుంటే ఏసీ కంప్రెసరు ఎక్కువ ఒత్తిడి మీద తిరిగి ఇంజను బలం ఇంకా తినేస్తుంది, చిన్న ఇంజనులో ఆ రెండు మూడు కిలోవాట్లు తక్కువేం కాదు. కడిగాక కూలెంటు 101 నుంచి 94కు దిగింది. మూడో కారణం తోలే పద్ధతి: 1800లో మూడో గేరు పెట్టి తొక్కడం ఏ ఇంజనుకైనా శిక్షే, రెండుకు దించాలి.

ఎగ్జాస్ట్ విషయంలో ముందు ఉన్నది మూసుకుందేమో చూడాలి. ముందున్న ఆక్సిజన్ సెన్సరు విప్పి ఆ మరలో ప్రెషరు గేజి బిగించి 2500 దగ్గర చూస్తే ఒకటిన్నర పీఎస్‌ఐ లోపు ఉండాలి. నాకు 0.8. అంటే పొగను శుభ్రం చేసే క్యాటలిస్టు బాగుంది, దాన్ని తీసేస్తే వచ్చేది శబ్దం, వాసన, పొల్యూషన్ టెస్టులో ఫెయిలు. వెనక సైలెన్సరు ఒక్కటే మారిస్తే కొలతకు అందే తేడా ఉండదు. లావు పైపు వేస్తే లాభమనేది తప్పు. పొగ వేగం తగ్గి, ఒక సిలిండరు పొగ పక్క సిలిండరును ఖాళీ చేయడానికి లాగే ఊపు పోతుంది, కింద టార్క్ తగ్గుతుంది. 1.2 ఇంజనుకు రెండు అంగుళాలు దాటితే నష్టమే. 4-2-1 హెడరు (నాలుగు సిలిండర్ల పొగ గొట్టాలు రెండుగా, తర్వాత ఒకటిగా కలిసేది) మధ్య ఆర్‌పీఎంలో కొంత ఇస్తుంది గాని, ఈ బండిలో క్యాటలిస్టు హెడ్డుకు దగ్గరగా ఉంటుంది, దాన్ని కదపకుండా హెడరు పెట్టడం కుదరదు. వదిలేశాను.

ఇవన్నీ అయ్యాకే రీమ్యాప్. జూలైలో చెన్నైలో చేయించాను. టర్బో బండికి 25 శాతం ఇచ్చే రీమ్యాప్ దీనికి నాలుగైదు శాతమే ఇస్తుందని ముందే తెలుసు. పెంచడానికి బూస్టు లేదు, ఉన్నది టైమింగ్, మిక్చరు, వాల్వ్ టైమింగ్ మాత్రమే. నేను అడిగినవి ఇవి: రెవ్ లిమిటు కదపొద్దు, ఈ20 ట్యాంకుతోనే ట్యూన్ చేయాలి, పైపులో మిక్చరు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సరు పెట్టి చూపించాలి, పాత ఫైలు నాకు ఇవ్వాలి. పూర్తి లోడులో మిక్చరు (ఒక వంతు పెట్రోలుకు గాలి ఎన్ని వంతులో) కంపెనీ మ్యాపులో 11.8 దాకా ఉంది, అంటే పెట్రోలు ఎక్కువ, అది క్యాటలిస్టు వేడెక్కకుండా. 12.6కు తెచ్చారు, ఇంకా పలచన చేయనివ్వలేదు. 3000 నుంచి 4500 మధ్య టైమింగ్ రెండు డిగ్రీలు ముందుకు. మొదటి ఫైలులో 2200 దగ్గర కూడా ముందుకు జరిపారు, మధ్యాహ్నం ఎండలో నాక్ కౌంటు కనిపించింది, అది వెనక్కి తీయించాను. ఏసీ గదిలాంటి డైనో షెడ్డులో బాగున్న ఫైలు నెల్లూరు ఎండలో బాగుంటుందని నమ్మకూడదు, లాగ్ చూసి సరిచేయించుకునే ఒప్పందం ముందే ఉండాలి. పెడల్ దగ్గర తగిలించే థ్రాటిల్ డబ్బాలు మాత్రం బలం ఇవ్వవు. సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు ఈసీయూకు చెబుతాయి, అంతకుమించి లోపల ఏమీ లేదు.

మధ్యలో ఒక తప్పు: 16 అంగుళాల అలాయ్‌లు, 205/55 టైర్లు వేశాను. కంపెనీ 185/65 ఆర్15 చుట్టు వ్యాసం 621 మిల్లీమీటర్లు, కొత్తది 632. గేరింగే దాదాపు రెండు శాతం పొడవైంది. త్రాసు మీద పెడితే ఒక్కో చక్రం నాలుగు కిలోలు ఎక్కువ, అదీ అంచున తిరిగే బరువు. రెండు నెలలు కష్టపడి తెచ్చుకున్నదాంట్లో 0.3 సెకను ఒక్క పూటలో పోయింది. అమ్మేసి పాతవే వేసుకున్నాను.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 182ఎ సెక్షను కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇంజను మార్పిడి, క్యాటలిస్టు తీసేయడం, శబ్దం చేసే సైలెన్సర్లు నేరుగా ఇందులో ఇరుక్కునేవే. రీమ్యాప్ గురించి ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా చెప్పాను. చెప్పకుండా ఉంటే క్లెయిము రోజున అదే సాకు అవుతుంది.

మళ్లీ జనవరి, 22 డిగ్రీలు, అదే రోడ్డు, అదే మనుషులు: 8.3 సెకన్లు. మనుషులతో కలిపి బండి 1000 కిలోలు, తిరిగే భాగాలకు అయిదు శాతం, గాలికీ టైర్లకూ పోయే ఏడు కిలోవాట్లు కలిపి లెక్క కడితే చక్రాల దగ్గర సగటు బలం 33.7 నుంచి 38.2 కిలోవాట్లకు పెరిగింది, 13 శాతం. అందులో తొమ్మిది శాతం రీమ్యాప్‌కు ముందే వచ్చింది, అంటే బండి ఎప్పుడో పోగొట్టుకున్నదే. దాని ఖర్చు అడాప్టరుతో సహా ఏడు వేల లోపు. మిగిలిన నాలుగు శాతానికి పద్దెనిమిది వేలు అయింది. మైలేజీ హైవే మీద ఒకటిన్నర కిలోమీటరు పెరిగింది, అది ఎక్కువగా బ్రేకు వదలడం వల్లే అనుకుంటున్నాను. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు నలుగురితో, ఏసీతో, ఇదివరకు రెండులో పాకిన మలుపుల తర్వాత ఇప్పుడు మూడు పడుతోంది. కూలెంటు 97 దాటలేదు, నాక్ కౌంటు సున్నా.